కనకదుర్గ నడిచిన ఐదు వందల యాభై మైళ్ళు

వర్జీనియా రాష్ట్రంలోని ఆష్‌బర్న్ తెలుగు కుటుంబాలు అక్టోబర్ వచ్చిందంటే తప్పకుండా చేసే పని ఒకటుంది. నాలుగు కుటుంబాలు కలిసి రెండు వ్యాన్లలో కొండల మీదికి, ఎర్రబడ్డ ఆకులు చూడటానికి వెళ్తాయి. రోడ్డు పక్కన బండి ఆపి, లోయకి వీపు పెట్టి ఫోటోలు దిగి, చపాతీ రోల్స్ తిని, పిల్లల్ని లెక్కపెట్టుకుని వచ్చేస్తాయి. అడవిలోకి మాత్రం ఎవరూ అడుగు పెట్టరు. కొత్త బూట్లు మట్టి కొట్టుకుపోవూ మరి!

2008లో అలా వెళ్ళినవాళ్ళలో కనకదుర్గ ఒకరు. ముప్ఫై ఆరేళ్ళ మనిషి. గుడివాడలో జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేది. అంతకు ముందు ఏడాది భర్త శ్యామ్‌సుందర్ హెచ్-1 ఉద్యోగ వీసా మీద వస్తే, ఆమె నాలుగేళ్ళ కూతురు దేదీప్యని వెంటబెట్టుకుని హెచ్-4 మీద వచ్చింది. ఆ వీసా మీద వంట చేయవచ్చు, బట్టలు ఉతకవచ్చు, ఉద్యోగం చేయకూడదు. అందరూ ఫోటోల హడావుడిలో ఉండగా ఆమె ఒక ఓక్ చెట్టు మీద జానెడు పొడవున నిలువుగా పూసిన తెల్లరంగు చూసింది. కాస్త అవతల ఇంకో చెట్టు మీద ఇంకొకటి. దాని వెనక మరొకటి.

వీపు మీద పెద్ద మూటతో అటుగా వచ్చిన ఒక ముసలాయన్ని ఇవేమిటని అడిగింది. దారి గుర్తులు అన్నాడాయన. ఇటు వెళ్తే జార్జియా, అటు వెళ్తే కెనడా దగ్గరున్న మెయిన్ రాష్ట్రం, మొత్తం రెండు వేల పైచిలుకు మైళ్ళు, అంతా కాలిబాటే అన్నాడు. మన వర్జీనియాలో ఎంత అంటే, దాదాపు ఐదు వందల యాభై అని చెప్పి నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆ ఐదు వందల యాభై మైళ్ళూ తనే నడవాలని తిరుగు ప్రయాణంలో కనకదుర్గ మనసులో లెక్కలు వేసుకుంటూ కూర్చుంది. కడుపులో తిప్పుతోందేమోనని శ్యామ్‌సుందర్ నిమ్మకాయ చేతికిచ్చాడట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆమె నవ్వేది, వింటున్న రేణూ నవ్వేది.

రేణు వాళ్ళ పై అపార్ట్‌మెంట్‌లో ఉండే అమ్మాయి. వరంగల్ నుంచి ఎమ్మెస్ చేయడానికి వచ్చి, టెస్టింగ్ ఉద్యోగంలో కుదురుకుంది. కనకదుర్గ నడక గురించి రేణు మొదట విన్నది తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లలోనే. "వెయిట్ తగ్గడానికా?" అని ఒకావిడ, "మొక్కుబడేమైనా ఉందా?" అని ఇంకొకావిడ. కనకదుర్గ ఇద్దరికీ అవునండీ అని చెప్పి పప్పు వడ్డించేది. ఎవరికైనా వివరంగా చెబితే ఎలుగుబంట్ల గురించి అడుగుతారు, అక్కడితో ఆ కబురు ముగుస్తుంది.

ఇంట్లో ఉన్నది ఒక్కటే కారు. శనివారం తెల్లవారకముందే లేచి, పిల్లకి, మొగుడికి వంట చేసిపెట్టి, అడవి అంచున కారు పెట్టి ఐదు మైళ్ళు నడిచేది. కారు వెనకే ఉంది కాబట్టి ఆ ఐదు మైళ్ళూ మళ్ళీ వెనక్కి నడవాల్సిందే. అంటే మొదటి రెండేళ్ళు ఆ మహాతల్లి ప్రతి మైలూ రెండుసార్లు నడిచింది. పైగా ఆమెకొక పట్టింపు. దారిలో ఒక్క అడుగు కూడా వదలకూడదు. ఒకసారి రోడ్డు దాటే చోట అవతలి పార్కింగ్ నుంచి మొదలుపెట్టడంతో మధ్యలో నలభై అడుగులు తప్పిపోయాయి. ఇంటికొచ్చాక అది గుర్తొచ్చింది. మరుసటి శనివారం గంటన్నర డ్రైవ్ చేసుకుని వెళ్ళి, ఆ నలభై అడుగులు నడిచి, కారెక్కి వచ్చేసింది. రేణుకి ఆ సంగతి తెలిసినరోజు ఈమెకి పిచ్చి అనుకుంది. ఆ తర్వాతి వారమే తన కారు తాళం చేత్తో పట్టుకుని కిందికి దిగి, "నేను కూడ వస్త అక్కా" అంది.

రెండో కారు రావడంతో పద్ధతి మారింది. ఆరోజు నడవాల్సిన ముక్కకి కనకదుర్గ ఉత్తరపు కొసన కారు పెట్టి దక్షిణానికి నడుస్తుంది. రేణు దక్షిణపు కొసన కారు పెట్టి ఉత్తరానికి నడుస్తుంది. మధ్యలో ఇద్దరూ కలిసి అన్నం తిని, తాళాలు మార్చుకుంటారు. ఈమె వెళ్ళి ఆమె కారు, ఆమె వెళ్ళి ఈమె కారు తీసుకుంటే సాయంత్రానికి మోటెల్‌లో కలుసుకోవచ్చు. మోటెల్ గదిలో రైస్ కుక్కర్ ఉంటుంది. ఒకసారి రేణు కొత్తలో ఏదో గుర్తు తప్పి, కనకదుర్గని వెతుక్కుంటూ పోయి, రెండు గంటలు అడవిలో తిరిగింది. అప్పుడు కనకదుర్గ ఒక మాట చెప్పింది. "ఎక్కడ ఏ తేడా వచ్చినా నువ్వు కార్ దగ్గరే కూర్చోవే. నేనే వస్తాను. ఎంతసేపైనా సరే, వస్తాను." రేణు సరేనంది. అలా మూడేళ్ళలో అరవై సార్లు తాళాలు మార్చుకున్నారు. ఒక్కసారీ తేడా రాలేదు.

2013 జూన్ నాటికి శ్యామ్‌సుందర్‌కి హెచ్-1 మీద ఉండనిచ్చే ఆరేళ్ళూ నిండిపోయాయి. కంపెనీ గ్రీన్‌కార్డ్ కాగితాలు ఇదిగో అదిగో అంటూనే పుణ్యకాలం దాటబెట్టింది. మంగళవారం ఇండియాకి ఫ్లైట్. సోమవారం పొద్దున్నే అపార్ట్‌మెంట్ అప్పగించాలి. కనకదుర్గకి వర్జీనియాలో మిగిలినవి పది మైళ్ళు. రోనోక్ ఊరు దాటి ఇంకో గంటన్నర పోతే వచ్చే కొండల్లో, కిందటి అక్టోబర్‌లో దేదీప్యకి జ్వరమని ఫోనొస్తే మధ్యలో వదిలేసి వచ్చిన ముక్క అది. "ఆదివారం ఒక్కరోజు ఇవ్వండి" అని ఆమె భర్తని అడిగింది. సగం సర్దిన సూట్‌కేసుల మధ్య కూర్చుని ఆయన, "వెళ్ళిరా, మిగిలింది నేను చూసుకుంటా" అన్నాడు. ఆ మాటకి రేణు దృష్టిలో ఆయన నాలుగు మెట్లు పైకెక్కాడు.

ఆదివారం పదకొండింటికి ఇద్దరూ సరిగ్గా మధ్యలో ఉన్న చెక్క షెల్టర్‌లో కలిశారు. ఇక్కడే జరిగింది అసలు పొరపాటు. మనవాళ్ళు డబ్బా ఖాళీగా తిరిగివ్వరు కదా. కనకదుర్గ పోయినవారం పంపిన స్టీలు డబ్బాని రేణు సకినాలతో నింపి తెచ్చింది. అందులోవి తీసి, కనకదుర్గ తన వంటింట్లో మిగిలిన కందిపొడి పోసి మళ్ళీ రేణుకే ఇచ్చింది. రేణు వద్దంది. ఆమె తీసుకోమంది. వంటిల్లు ఖాళీ చేస్తూ తెచ్చిన ఇంగువ, ఎండుమిరపకాయలు కూడా బ్యాగ్‌లో కుక్కింది. "నాకెందుకక్కా ఇవన్నీ" అంటూనే రేణు ఏడ్చేసింది. కనకదుర్గ కూడా కళ్ళు తుడుచుకుంది. ఇద్దరూ పులిహోర తిన్నారు. డబ్బాలు మారాయి, మూతలు మారాయి, చివరికి చెంచాలు కూడా మారాయి. వెళ్ళొస్తానంటే వెళ్ళొస్తానని మూడుసార్లు చెప్పుకుని చెరో దిక్కూ నడిచారు. తాళాలు మాత్రం ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి.

రెండింటికి రేణు ఉత్తరపు కొసన కనకదుర్గ కారు దగ్గరికి చేరి, తాళం తీద్దామని జేబులో చెయ్యి పెట్టింది. చేతికొచ్చింది తన తాళమే. బ్యాగంతా నేల మీద కుమ్మరించింది. ఇంగువ ఉంది, మిరపకాయలున్నాయి. ఫోన్‌లో ఒక్క గీత సిగ్నల్ లేదు.

అక్క ఎక్కడ గమనించి ఉంటుంది? అవతలి కారు దగ్గరికి చేరాక అయితే మంచిది. పది మైళ్ళూ పూర్తయిపోతాయి. అక్కడ ఎవరినైనా లిఫ్ట్ అడిగి రోడ్డు మీదుగా రావచ్చు. మధ్యలో గమనిస్తే? రేణుకి ఆ నలభై అడుగులు గుర్తొచ్చాయి. 'ఎంతసేపైనా సరే, వస్తాను' అన్న మాట కూడా గుర్తొచ్చింది. దేవుడా, ఆమెకి చివరిదాకా గుర్తు రాకూడదు అని మనసులో దండం పెట్టుకుంది. ఎవరో దంపతులు కుక్కతో వచ్చి, అవతలి కొస దాకా కారులో దింపుతామన్నారు. రేణు ఒక కాలు లోపల పెట్టి కూడా వెనక్కి తీసింది. తను అటు పోయి, అక్క ఇటు వస్తే? కారు దగ్గరే కూర్చుంటానని ఒప్పుకుంది. బంపర్‌కి ఆనుకుని కూర్చుంది. మూడైంది, నాలుగైంది. ఐదు దాటింది.

ఐదుంబావుకి చెట్ల మధ్యనుంచి కనకదుర్గ వచ్చింది. మొహం కందిపోయి ఉంది. ఎడమ కాలు ఈడుస్తోంది. మెడలో చున్నీ లేదు. కారు చూసి, రేణుని చూసి, తాళం పైకెత్తి ఊపింది.

"ఎంత దూరం పోయినవ్ అక్కా?" అని అడిగింది రేణు.

"ఇంకో మైలున్నర ఉందనగా చేతిరుమాలు తీయబోతే నా తాళమే తగిలింది" అని కనకదుర్గ కింద కూలబడి బూటు విప్పింది. మేజోడు మడమ దగ్గర ఎర్రగా తడిసి ఉంది.

రేణుకి లెక్క కట్టాలంటే భయమేసింది. మైలున్నర ముందుకు నడిస్తే జీవితకాలపు కోరిక తీరేది. ఈమె ఎనిమిదిన్నర మైళ్ళు వెనక్కి, అందులో సగం ఎక్కుడు, నడిచి వచ్చింది. "ఎందుకొచ్చినవ్? గా మైలున్నర పోయి ఎవర్నన్న లిఫ్ట్ అడగొచ్చు గద! నాకేమైతది ఈడ? కూసుంటుంటి!" అని అరిచింది. అరుస్తూనే ఏడుస్తోంది.

"అక్కడ ఎవరూ దొరక్కపోతే? చీకటి పడితే? నువ్వు ఒక్కదానివే ఉంటావు కదే" అంది కనకదుర్గ. అందులో పెద్ద విశేషమేమీ లేనట్టు, నీళ్ళు తాగుతూ. "వస్తానని చెప్పాగా."

రేణుకి అప్పటిదాకా కనకదుర్గంటే ఇష్టం, కాస్త భయం, కాస్త వేళాకోళం కూడా. ఆ క్షణంలో మాత్రం ఆ రక్తమోడుతున్న పాదానికి దండం పెట్టాలనిపించింది. పెడితే తిడుతుందని మానుకుంది. పెట్టాల్సింది అని ఇప్పటికీ అనుకుంటుంది.

రేణు కారు తెచ్చుకోవాలి కాబట్టి ఎలాగూ దక్షిణపు కొసకి వెళ్ళాలి. ముప్పావుగంట ప్రయాణంలో కనకదుర్గ సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకుంది. నిద్రపోలేదు. అక్కడ దిగేసరికి ఆరు దాటింది. ఎండ ఇంకా కొండ మీదుంది.

"ఎంత, మైలున్నరే కదక్కా. పోదాం పా" అంది రేణు.

"వద్దులే. ఐదుగంటలు డ్రైవ్ చేయాలి. ఆయన ఒక్కరే సర్దుతూ ఉంటారు. పిల్ల అన్నం తిందో లేదో. నడిచినంత నడిచాం." మాట మామూలుగానే ఉంది కానీ ఆమె చెట్ల వైపు చూడటం లేదు.

రేణు ఆమె ఖాళీ మెడ వైపు చూసింది. "చున్నీ ఏమైంది?"

కనకదుర్గ సిగ్గుపడింది. "వెనక్కి తిరిగిన చోట చెట్టుకి కట్టి వచ్చాను. మళ్ళీ వస్తే సరిగ్గా ఎక్కడాగానో తెలియాలి కదా."

"అడవిల చెత్త పడేసి పోతవా? చాక్లెట్ కాయితం పడేసిన పిలగాండ్లను మైలు దూరం ఎంటవడి తిట్టినవ్. గిప్పుడు నువ్వే చున్నీ ఇడిసిపెట్టి ఇండియా పోతవా?"

కనకదుర్గ అక్కడే నేల మీద కూర్చుంది. బూట్లు విప్పి, రెండు మేజోళ్ళూ ఎడమ కాలికే తొడిగి, లేసులు మళ్ళీ కట్టుకుంది.

మైలున్నర ఎక్కడానికి గంట పట్టింది. రేణు వెనకే నడిచింది, పడితే పట్టుకోవచ్చని. ప్రతి తెల్లగుర్తు దగ్గరా కనకదుర్గ చెట్టు మీద చెయ్యి వేసి ఒక్క ఊపిరి తీసుకుని కదిలింది. ఒకచోట కూర్చుండిపోయింది. ఇక లేవదేమో అనుకుంది రేణు. కాసేపటికి పక్కనున్న ఫెర్న్ మొక్క ఆకు తిప్పి చూసి, దాని పేరు చెప్పి, లేచింది. ఆమె బోటనీ అప్పుడూ ఆగలేదు.

పసుపురంగు చున్నీ ఒక హికరీ చెట్టుకి రెండు ముళ్ళతో కట్టి ఉంది. కనకదుర్గ దాన్ని విప్పలేదు. మొదట చెట్టు అవతలికి నాలుగడుగులు వేసింది, ఏమీ మిగలకుండా. తర్వాత వెనక్కొచ్చి ముళ్ళు విప్పి, ఆ చున్నీలో మొహం దాచుకుని ఏడ్చింది. ఆమె అలా వెక్కి వెక్కి ఏడవడం రేణు ఎన్నడూ చూడలేదు. ఫోటో తీద్దామని తీసిన ఫోన్ జేబులో పెట్టేసింది.

"ఎందుకక్కా గింత పట్టుదల? ఇన్నేండ్లు అడగలేదు నిన్ను" అంది నెమ్మదిగా.

కనకదుర్గ ముక్కు తుడుచుకుంది. "ఇంటి లీజ్ ఆయన పేరు మీద. కరెంట్ బిల్, కార్, అన్నీ ఆయన పేరు మీదే. నా వీసా కూడా ఆయన ఉద్యోగం మీదే వచ్చింది, దాంతోపాటే పోయింది. ఆయన మంచివాడే, ఆయన్నేం అనట్లేదు. కానీ ఈ దేశంలో ఆరేళ్ళున్నానని చెప్పడానికి నాదంటూ ఒక్క కాగితం లేదు రేణూ." చెట్టు మీది తెల్లరంగుని అరచేత్తో ఒకసారి తడిమింది. "ఇది మాత్రం నేనే నడిచాను."

రేణు ఆమె భుజం కింద చెయ్యి వేసి పట్టుకుంది. ఇద్దరూ కిందికి దిగడం మొదలుపెట్టారు.