వీపు మీద పేరు

మిసిసిపీ ఎండకి మెడ ఇటుకరంగు తిరిగిన కోచ్ హార్లన్ ప్రూయిట్ పని, బేస్‌బాల్ బాగా ఆడే హైస్కూలు కుర్రాళ్లను తమ కాలేజీకి రప్పించడం. మైదానంలో ప్రొఫెషనల్ జట్ల మనుషులు బంతి వేగం కొలుస్తూంటే, ఆయన ఉడికిన వేరుశెనక్కాయలు ఒలుస్తూ కుర్రాడి తల్లి పక్కన చేరతాడు. "అమ్మా, వాళ్లకి వీడి చెయ్యొక్కటే కావాలి. నాకు వీడి లెక్కల మార్కులు కూడా కావాలి" అంటాడు. వస్తానన్న ప్రతి కుర్రాడికీ పేరు కుట్టించి కాలేజీ చొక్కా సిద్ధం చేస్తాడు. జులైలో జట్లు ఆటగాళ్లను ఎంచుకునే రోజున సగంమంది అటే పోతారు. మిగిలిన చొక్కాలు పారేయడానికి మనసొప్పక, వాటిని తొడుక్కుని ఇంటిముందు గడ్డి కోస్తాడు. వీపు మీద పేరు చూసి, ఈసారి చేజారిందెవరో వీధంతా తెలుసుకుంటుంది.

ఆయన మూడేళ్లు వెంటపడ్డ జార్విస్ టిల్లరీని మొన్న పెద్ద జట్టొకటి ఎంచుకుందని రేడియోలో చెప్పారు. హార్లన్ రేడియో కట్టేసి, టిల్లరీ చొక్కా తొడుక్కుని గడ్డికోసే మిషను బయటికి తీశాడు.

"అయ్యో, ఆ పిల్లాడు కూడానా?" అంది కంచె అవతల నుంచి పక్కింటి ఒడెస్సా.

"బంగారంలాంటి చెయ్యి వాడిది. పోనీండి, సంతోషమే" అంటూ ఆయన కోసిన చోటే మళ్లీ కోశాడు.

అంతలో ఓ పికప్ బండి వచ్చి ఆగింది. హార్లన్ మిషను ఆపాడు. జార్విస్ దిగి, చెమటతో, గడ్డి మరకలతో నిండిన తన పేరును కాసేపు చూశాడు.

"వాళ్లకి రానని చెప్పేశాను కోచ్. ఆ చొక్కా కాస్త ఉతికించండి. ఆగస్టులో నాకు కావాలి."

వీధంతా చూస్తుండగానే హార్లన్ గుండీలు విప్పసాగాడు.