నాన్నకు తెలియని వేలం

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి మెట్రో స్తంభాల నీడన నడుస్తుంటే, మూతపడిన ఒక బట్టల దుకాణం షట్టరు మీద బ్యాంకువాళ్లు అతికించిన వేలం కాగితం కనపడింది. ఇద్దరు కుర్రవాళ్లు దాన్ని ఫోనులో ఫోటో తీసుకుంటూ, ఇప్పుడు ఇంట్లో కూర్చునే పాట పాడవచ్చునని, ఈ షట్టరు తమకు దక్కితే సెల్‌ఫోన్లు పెట్టుకోవచ్చునని మాట్లాడుకుంటున్నారు. ఎదురుగా చాయ్ బండి దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి నిలబడి, రోడ్డు మీద ఉన్న ప్రతిదాన్నీ చూస్తున్నాడు, ఆ షట్టరును తప్ప. ఆయన ఎవరో నాకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. అలా చూడడం నేను మా ఇంట్లో చూశాను.

మా తాత పోచంపల్లి వైపు నుంచి చీరల మూట భుజాన వేసుకుని ఈ పట్నానికి వచ్చినవాడు. ఆయన పెట్టిన దుకాణాన్ని మా నాన్న ఎంత పెంచాడంటే, సైదాబాదు నుంచి హయత్‌నగర్ దాకా ఏ ఇంట్లో పెళ్లి కుదిరినా పట్టుబట్టలకు మా మెట్లే ఎక్కేవారు. మీలో మా ఈడువాళ్లకు ఆ తెల్లపరుపులు, గాజు అల్మారాలు, కొనకపోయినా ఇప్పించే సోడాలు గుర్తుండవచ్చు. మా దుకాణానికి ఒక మడత ఉండేది. అంచు లోపలికి, కొంగు కనపడకుండా, చివరి మూలను వాలుగా తిప్పి లోపలికి దోపే ఆ మడత మా తాత చేతి నుంచి వచ్చింది. పనివాళ్లకు నేర్పేవారు కాదు, ఇంటివాళ్లే పెట్టాలి. ఆ మడత లేని బట్ట మా బట్ట కాదని నాన్న అనేవాడు.

స్నేహితుడి అప్పుకు జామీను ఉండి నాన్న అంతా పోగొట్టుకున్నాడు. బ్యాంకువాళ్లు దుకాణంలోని సామాను రోడ్డు మీదికి తెచ్చి వేలం పాడించిన రోజు, నాన్న తెల్లటి ఇస్త్రీ బట్టలు కట్టుకుని ఎదుటి ఫుట్‌పాత్ మీద చివరి వస్తువు పోయేదాకా నిలబడ్డాడు. ఎంతో ముందే తన వాటా పంచుకుని హయత్‌నగర్‌లో వేరే దుకాణం పెట్టుకున్న మా చిన్నాన్న, ఆ గుంపులో నిలబడి గాజు అల్మారాలకు పాట పాడాడు. అన్న చూస్తున్నాడని తెలిసే పాడాడు.

ఆ రోజు తరువాత మా ఇంట్లో వేలం అన్న మాట పలకకూడదు. టీవీలో ఆ మాట వస్తే నాన్న లేచి కట్టేసేవాడు. పక్క వాటాలో ఆడవాళ్లు చేరి నెలనెలా చిట్టీ పాట పాడుకుంటుంటే, ఎండాకాలమైనా సరే, కిటికీ మూయించేవాడు.

సైదాబాదులో రెండు గదుల కిరాయి ఇంట్లో నాన్న, నేను, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని మా దగ్గరే ఉండిపోయిన మా మేనత్త, ముగ్గురం ఉండేవాళ్లం. అమ్మ అప్పటికే లేదు. వచ్చిన సంబంధాలు దుకాణంతో పాటే వెనక్కు పోయాయి. అందుకు నేను విచారించలేదు. ఒకప్పుడు మా దగ్గర గుమాస్తాగా ఉండి సొంతంగా దుకాణం పెట్టుకున్న ఒకాయన మెట్ల మీద నిలబడి, "రేపటిసంది రా చెల్లె, చీరలు చూపెట్టే పని, నీకేం కొత్త గాదు గదా" అన్నాడు. ఆయనకు చాయ్ ఇచ్చి పంపాను. ఆకలి ఎలాగో ఓర్చుకోవచ్చు గాని, మమ్మల్ని ఎరిగిన వాళ్ల ముందు కొంగు దోపుకుని నిలబడి చీరలు విప్పడం నా వల్ల అయ్యే పని కాదు.

అప్పుడు దొరికింది ఇంటర్నెట్ సెంటరు. ప్లైవుడ్ గదులు, ముందు పూల పరదాలు, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డులు, బయట చెప్పుల గుట్ట. ఉద్యోగం కోసం దరఖాస్తు నింపడానికి వెళ్లినదాన్ని, పక్క గదిలో ఎవరో పాత నాణేలను కంప్యూటరులో ఒక సైటు మీద వేలానికి పెడుతుంటే చూస్తూ ఉండిపోయాను. అమ్మేవాళ్ల ముఖం కొనేవాళ్లకు తెలియదు, కొనేవాళ్ల ముఖం అమ్మేవాళ్లకు తెలియదు. నాలాంటి దానికి అంతకన్నా మంచి దుకాణం ఈ లోకంలో లేదనిపించింది. అది వేలం అన్న సంగతి మాత్రం గొంతులో అడ్డుపడ్డది. రెండు రోజులు అడ్డుపడ్డది, మింగేశాను.

సరుకు మేనత్తది. పెళ్లినాడు పుట్టింటివాళ్లు పెట్టిన పట్టుచీరలు, కట్టుకునే యోగం లేక, ఆమె రేకు పెట్టెలో వేపాకుల మధ్య పడి ఉండేవి. పోచంపల్లి నేత, ఇరువైపులా ఒకే తీరుగా పడిన రంగు, ఇప్పుడు అలాంటివి మగ్గం మీదికి ఎక్కవు. నేను అడగలేదు. ఆమే పెట్టె ముందుకు తోసి, "చెదలు తినేదాని కన్న మనం తింటే మంచిది గదనే" అన్నది. మేనత్తకు నవ్వడానికి పెద్ద కారణాలు అక్కరలేదు.

పని మెల్లగా పట్టుబడింది. ఎండ పదునెక్కక ముందే మిద్దె మీద తీగకు చీర ఆరేసి ఫోటో తీయాలి, ఎండ ఎక్కితే పట్టు తెల్లబారి కనపడుతుంది. చిన్న మరక ఉన్నా రాయాలి. పాట రూపాయితో మొదలుపెట్టాలి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఎక్కువతో మొదలుపెడితే తొంగి చూసేవాళ్లే ఉండరు. రూపాయి అని చూసి నవ్వుకుంటూ వచ్చినవాళ్లే చివరి క్షణాల్లో ఒకరి మీద ఒకరు పంతానికి పోతారు. వారమంతా నిద్రపోయిన పాట గడువు ముగిసేముందు లేచి పరుగెత్తుతుంటే నేను కుర్చీ వదిలేదాన్ని కాదు. మేనత్త పెట్టెలో ఒకటి రెండు చీరలు మిగిలేసరికి, మగ్గాలు మూసేసిన ఊళ్లలో అటకలెక్కిన పాత బట్టలు వెతికి తెచ్చుకోవడం నేర్చుకున్నాను. ఇల్లు మునిగినవాళ్లు ఏ మూల ఏం దాచుకుంటారో నాకు బాగా తెలుసు, బేరంలో ఎక్కడ తగ్గుతారో కూడా తెలుసు. తగ్గించే కొన్నాను. వ్యాపారం పెరిగింది, ఇంట్లోకే కంప్యూటరు వచ్చింది. అదేమిటని నాన్న అడిగితే, ఆర్డర్లు రాసుకోవడానికని చెప్పాను.

నాన్న మోకాళ్లు పట్టేసి మంచం మీదే ఉండేవాడు. పాత ఖాతాదారులు దుకాణాన్ని మరిచిపోలేదని, ఉత్తరాల్లా కంప్యూటరులో రాసి అడుగుతున్నారని, నేను పోచంపల్లి సరుకు తెప్పించి ధర చెబితే డబ్బు పంపుతున్నారని ఆయన నమ్మకం. నమ్మించింది నేనే. సాయంత్రం పార్శిళ్ల మీది పేర్లు చదివి వినిపించాలి, రాజమండ్రి లెక్చరరుగారు, పూణే డాక్టరమ్మ అంటూ. "మన దుకాణం వాళ్లకు యాదికున్నదా?" అని అడిగేవాడు. ఉన్నదనేదాన్ని. "చెప్పిన ధర మీద పైస తగ్గకు బిడ్డా" అనేవాడు. "తగ్గుడేంది అన్నా, ఎక్కుడే" అని మేనత్త వెనకనుంచి అనేది. ఆ గంటసేపు ఆయన మళ్లీ తెల్లపరుపు మీద కూర్చున్న మనిషిలా ఉండేవాడు. నా కష్టమంతా ఆ గంట కోసమే. అది పోకుండా చూసుకోవడమే అసలు వ్యాపారం, చీరలు దాని తరువాతే.

అన్నీ జాగ్రత్తగా చేశాము. అమ్మకందారు పేరు వేరే పెట్టుకున్నాను, చిరునామా కొరియరు ఆఫీసుది ఇచ్చాను. ఒక్కటి మాత్రం మా ఇద్దరికీ తట్టలేదు. ప్రతి చీరనూ మా మడతే పెట్టి పంపాము. ఇంకో రకంగా మడవడం మా చేతులకు రాదు, వచ్చినా మేము ఒప్పుకునేవాళ్లం కాదు.

మా చిన్నాన్న అల్లుడు ఎవరి పెళ్లికో ఇవ్వడానికి ఆ సైటులో ఒక చీర కొన్నాడు. పార్శిలు విప్పినప్పుడు చిన్నాన్న అక్కడే ఉన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన మా ఇంటికి వచ్చాడు. సామాను పాడించిన నాటి నుంచి మా గడప తొక్కనివాడు. "ఇన్నేండ్లకు తొవ్వ యాదికొచ్చిందా తమ్మీ?" అని మేనత్త అంటే, "మీరే పార్శిల్ పంపిన్రు గదా అక్కా, అందుకే ఒస్తి" అన్నాడు. నాకు అర్థమై లేచేలోపే కవరులోంచి చీర తీసి నాన్న ఒళ్లో పెట్టాడు. నాన్న చేయి మొదట ఆ వాలుగా దోపిన మూల మీదికే పోయింది. ముఖం విప్పారింది.

"మన మడతనే గదరా. యాడిది?"

"వేలంల కొన్న అన్నా."

"ఎవలు పెట్టిన్రు వేలం?"

"నీ బిడ్డె. మంచిగ పాడిస్తుందన్నా, నువ్వే చూసి మురిసిపోవాలె" అని నా వైపు తిరిగి నవ్వాడు.

నాన్న చీర కొసను విప్పి చూశాడు. అది చెల్లెలి పెళ్లికి తాను ఎంచి పెట్టిన చీర. మేనత్త తల దించుకుంది. నేను దించుకోలేదు. నిజమేనా అని ఆయన కళ్లతో అడిగితే ఔనన్నాను. పాట ఎంతతో మొదలుపెట్టావని అడిగాడు. రూపాయితో అన్నాను. చివరికి ఎంత పలికిందో చెప్పబోయాను గాని, ఆయన చేయి ఎత్తాడు.

"ఒక ఆటో పిలువురా తమ్మీ. నీ ఇంటికి పోదాం" అన్నాడు.

చిన్నాన్న ఖాళీ కవరు మడుస్తూ గుమ్మం వైపు చూశాడు. ఆయన చూపించి పోవడానికి వచ్చాడు, మోసుకుపోవడానికి కాదు. మేనత్త మంచంకోడు పట్టుకుని, "గా చీరల తోనే గదన్నా నీ మందులు, నీ దవాఖాన! వాడే గద నీ సామాను పాడుకున్నది, వాని ఇంటికి పోతవా?" అని మొత్తుకుంది.

"వేలంల కొన్నోని ఇంట్ల అన్నం తిని బతుకుత. వేలం పెట్టినోళ్ల ఇంట్ల తిన" అన్నాడు నాన్న.

ఆయనను మెట్లు దింపడానికి నేను భుజం పట్టబోతే, గోడను పట్టుకుని దిగాడు.

హయత్‌నగర్‌లో ఆయనకు ఇచ్చింది గోదాములో బట్టల బేళ్ల పక్కన ఒక నవారు మంచం. పగలు దుకాణం ముందు కుర్చీలో కూర్చోబెట్టేవారు, అన్నను సాకుతున్నాడని నలుగురూ చూసేలా. నేను వెళ్లి ఎదుట నిలబడితే నాన్న నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి, "ఏం చూపియ్యమంటవమ్మా?" అన్నాడు. అక్కడి పిల్లలు ఫక్కున నవ్వారు. తువ్వాలు చూపించమన్నాను. తెప్పించి చూపించాడు, ధర చెప్పాడు. నేను బేరమాడలేదు. మడత పెట్టకుండా ప్లాస్టిక్ సంచీలో కుక్కి ఇచ్చాడు. అప్పటినుంచి నెలకోసారి వెళ్లి తువ్వాలు కొనేదాన్ని. ఆయన ఒక్కసారైనా బిడ్డా అనలేదు, నేను ఒక్కసారైనా నాయినా అనలేదు. ఇద్దరిలో ఎవరం ముందు వంగుతామని మేనత్త ఎదురుచూసింది. ఎవరం వంగకముందే ఆయన పోయాడు. కబురు నాకు అందేసరికి అంతా అయిపోయింది.

నేను వ్యాపారం ఆపలేదు. ఎల్బీనగర్‌లో సొంతంగా రెండు గదులు కొనుక్కున్నాను, మేనత్త అక్కడే కన్నుమూసింది. ఆ సైటు కూడా తరువాత మూతపడింది. ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా ఫోనే దుకాణం. ఎంత పరువుగల ఇంటి ఆడవాళ్లైనా లైవులో నిలబడి చీర భుజాన వేసుకుని పాట పాడిస్తున్నారు, వేలం అన్న మాటను పేరంటం అన్నంత తేలికగా అంటున్నారు. కిటికీలు మూసుకునేవాళ్లు ఎవరూ లేరు. మంచిదే.

మా చిన్నాన్న కోడలు కూడా పెడుతుంది, ప్రతి శుక్రవారం. "మా పెద్దమామగారి ఆశీర్వాదంతోని మొదలువెడ్తున్నం అక్కలూ, ఫస్ట్ చీర రూపాయి నుంచి" అంటుంది. ఆమె వెనక గోడకు నాన్న పటం ఉంటుంది, చందనపు దండ వేసి, చుట్టూ రంగు దీపాలు పెట్టి. నా దగ్గర ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు. అందుకని చూస్తాను. మాట వినపడకుండా చేసి, చీరలు ఎత్తినప్పుడల్లా ఆయన ముఖం మరుగున పడితే అవి దించేదాకా ఆగి, ఆఖరి పాట ముగిసి తెర నల్లబడేదాకా చూస్తాను.