నలభై ఒక్క చిల్లులు

“లెక్కపెట్టకండి సార్, నలభై ఒకటి. ఒక్కోటీ ఈ చేత్తోనే పొడిచాను.”

పళ్లాయన ఆ మాట అని జానెడున్నర పొడవున్న నల్లటి ప్లేటును బల్లమీద పెట్టాడు. రిమోట్‌తో నడిచే రేసుకారుకి అది అడుగుభాగం. మోటారూ బ్యాటరీ చక్రాలూ అన్నీ దానికే బిగిస్తారు. రెండు చిల్లుల మధ్య వెంట్రుకంత చీలిక కనబడుతోంది.

ఆయన అసలు పని పళ్ల సెట్లు చేయడం. ముప్పై ఏళ్లుగా ఇంటి ముందున్న ఆ చిన్న గదిలో దవడ అచ్చుల నడుమ కూర్చుని, గులాబీరంగు పొడి మీసాల మీద పేరుకుంటుంటే ఆకురాయితో గీకుతూనే ఉన్నాడు. నేను మా అమ్మ సెట్టు కోసం వెళ్లాను. సెట్టు సంగతి మరిచిపోయి ఆయన కారు కథ చెప్పుకొచ్చాడు.

కారు చేసేది తండ్రి, నడిపేది కూతురు. వాళ్ల క్లబ్బు రెండు పందేల మార్కులు కలిపి ఆరుగురిని జట్టులోకి తీసుకుంటుంది. మొదటి పందెం పోయిన ఆదివారం అయిపోయింది. రెండోది ఎల్లుండి.

మొదటి పందేనికి ముందు రెండు వారాలు ఆయనకి తేలిక పిచ్చి పట్టింది. పళ్ల సెట్లు తూచే త్రాసులో ప్రతి మరా తూచాడు. ఉక్కు మరలు పీకి అల్యూమినియంవి పెట్టాడు. ఇక తీయడానికేమీ దొరక్క అడుగు ప్లేటుకి చిల్లులు పెట్టాడు. మొత్తం అరవై రెండు గ్రాములు తగ్గించానని ఇల్లంతా తిరిగి చెప్పుకున్నాడు. ఇంకొంచెం తగ్గిస్తే దారం కట్టి ఎగరేసుకోవచ్చని భార్య అంది.

కూతురు నడిపి చూసి, “నాన్నా, మలుపులో లోపలి చక్రాలు లేస్తున్నాయి” అంది.

“చక్రాలు కాదు, నీ వేలికే ఆత్రం ఎక్కువ. బండికేం?” అన్నాడు ఈయన.

పందెంలో కారు మూడుసార్లు తాబేలులా వెల్లకిలా పడింది. ఆ పిల్ల రిమోట్ తెచ్చి తండ్రి చేతిలో పెట్టి వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఆయనతో మాట్లాడటం లేదు. ఆదివారం రానని తల్లితో చెప్పిందట.

మంగళవారం ఒక ముసలావిడ కింది సెట్టులో లోహపు పట్టీ పెడుతుంటే ఆకురాయి చేతిలో ఆగిపోయిందన్నాడు. పై సెట్టు బరువైతే జారుతుంది, కిందది తేలికైతే లేచిపోతుంది. ఇంతమంది దవడలకి తెలిసి చేసిన పని కారు దగ్గర మరిచాడు. పైనున్న తొడుగుకి నాలుగు పూతల రంగు అలాగే ఉంచి, కింద తొలిచాడు.

సీసం ముక్కలు అడుగున అంటించి చూశాడు. మర బిగిస్తుంటే ప్లేటు చిట్లింది. కొత్తది రావడానికి రెండు వారాలంటున్నారు. చిల్లు పడని ప్లేటు ఊళ్లో ఒక్కచోటే అదనంగా ఉంది, ఆయన బావమరిది దగ్గర. వీధి చివర సైకిల్ కొట్టు అతనిది. అతని కారుని క్లబ్బులో అందరి ముందూ రోడ్డురోలరన్నది ఈయనే. “సరే బావా, మీరు దూదిపింజె నడుపుకోండి” అని వెళ్లినవాడు మళ్లీ గడప తొక్కలేదు. ఇప్పుడు ఫోనూ ఎత్తడు. ఈయన రెండుసార్లు కొట్టుదాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. కూతురి గది గుమ్మం దాకా కూడా వెళ్లాడు. తలుపు తట్టకుండానే మళ్లాడు.

“మా తమ్ముడి కాళ్లు పట్టుకుంటారో, మీ కూతురి కాళ్లు పట్టుకుంటారో తేల్చుకోండి” అంది భార్య లోపల్నుంచి.

ఆయన ప్లేటుని కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు.

“మీరు అటేగా వెళ్లేది. ఇది వాడికి చూపించండి. మేనకోడలికి కావాలని చెప్పండి. కాదు, నేనే అడిగానని చెప్పండి. తప్పు దాని వేలిది కాదు, నాదేనని కూడా చెప్పండి. మావయ్య చెబితే అది నమ్ముతుంది. రేపు మధ్యాహ్నానికి ప్లేటు చేతికొస్తే చాలు, నేను బిగించేస్తాను. ఆరింటికల్లా కొట్టు కట్టేస్తాడు సార్, కాస్త త్వరగా నడవండి.”