యాంటీబాడీ అక్క

ఆ ప్రయోగశాలలో అందరూ, రిటైరయ్యే వయసొచ్చిన ప్రొఫెసర్ గారితో సహా, ఆవిడను యాంటీబాడీ అక్క అనే పిలుస్తారు. వేడికో విషానికో అల్లాడిపోయిన కణాల్లో ఒక ప్రొటీన్ పుడుతుంది. దాన్ని వెతికి పట్టుకునే యాంటీబాడీ చిటికెనవేలంత గొట్టంలో ఉంటుంది. ఆ గొట్టం ఫ్రిజ్‌లో ఉంటుంది, ఫ్రిజ్ తాళంచెవి అక్క నడుముకి ఉంటుంది. తీసేటప్పుడు చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తీసి, మంచుముక్కల్లో కూర్చోబెడుతుంది. ఎవరైనా ఒక్క చుక్క ఎక్కువ అడిగితే కళ్లజోడు పైనుంచి చూస్తుంది. అడిగినవాళ్లు ఆ చూపుతోనే సర్దుకుంటారు.

ఒక సోమవారం, ఏ బాధా పెట్టని కణాల్లో కూడా ఆ ప్రొటీన్ పరీక్ష ఫిల్మ్ మీద నల్లటి గీతలా తేలింది. ప్రొఫెసర్ విసుగ్గా మంచులోంచి గొట్టం లాగి గుప్పిట్లో బిగించారు. “ఇది పాడైపోయిందక్కా. పారేద్దాం.” అక్క కణాలు పెంచే పెట్టె దగ్గరికి వెళ్లి, దాని మీది అంకె చూసి వచ్చింది. “ముప్పై ఏడు ఉండాల్సింది నలభై ఒకటి ఉంది సార్. ఎవరు ముట్టుకున్నారు?” ప్రొఫెసర్ పైకప్పు వంక చూశారు. “మరీ నెమ్మదిగా పెరుగుతున్నాయని... నేనే కాస్త పెంచాను.” “మనకి నాలుగు డిగ్రీలు పెరిగితే మంచమెక్కుతాం సార్. ఆ కణాలు మటుకు ఏం చేస్తాయి? ఈ యాంటీబాడీ ఉన్నమాటే చెప్పింది.” “అయితే ఇప్పుడేం చేద్దామంటారక్కా?” “ముందు ఆ గుప్పిట తెరవండి సార్,” అంది అక్క చెయ్యి చాపి. “దానికీ వేడి పడదు.”