దొరగారి అమ్మాయి పక్కన నా ఫోటో

నా చిన్నప్పుడు బెజవాడ మొత్తానికి నా అంత అందమైన ఆడపిల్ల లేదు. పూలజడ వేసుకుని, పట్టు పరికిణీ కట్టుకుని నేను గవర్నర్‌పేటలో రిక్షా దిగితే రోడ్డుకు అటూ ఇటూ బళ్ళు ఆగిపోయాయి. బట్టల కొట్లలో గుమాస్తాలు గజంబద్దలతో సహా బయటికొచ్చి నిలబడ్డారు. సరే, అంత లేదు. ఆగింది ఒక్క రిక్షానే, అదీ మేమెక్కి వచ్చిందే. గుమాస్తా ఒకడు బయటికొచ్చిన మాట నిజమే గాని, వాడు కిళ్ళీ ఉమ్మెయ్యడానికి వచ్చాడు.

నేను మగపిల్లాణ్ణే. నాకు ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కకపోతే మా నాయనమ్మ మోపిదేవి స్వామికి మొక్కుకుంది. ఈసారి పుట్టినవాడు నిలిస్తే ఏడో ఏట పుట్టువెంట్రుకలు ఆయన సన్నిధిలోనే ఇస్తానని. అంతదాకా నా తలకు కత్తెర తగలకూడదు. జుట్టు నడుము దాటిందని మా మనవలకు చెబుతుంటాను. భుజాలు దాటింది, అంతే. మిగతాది నాయనమ్మ సవరం. మా వైపు చాలా ఇళ్ళలో అప్పట్లో ఒక ముచ్చట ఉండేది. గుండు చేయించే ముందు మగపిల్లాడికి ఒక్కసారి పూలజడ వేసి, ఆడపిల్లలా ముస్తాబు చేసి, ఫోటో తీయించుకునేవారు. అందులో వింతేముందన్నట్టే ఉండేవారు అందరూ, మా తాతయ్య తప్ప.

మా తాతయ్య తెల్లదొరల కాలంలో కాలువల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. మా ఇల్లు ఏలూరు కాలువ పక్క వీధిలో. ముందుగదిలో, గుమ్మంలోంచి చూడగానే కనబడేలా, పెద్ద ఫ్రేములో ఒక ఫోటో ఉండేది. టోపీ చంకలో పెట్టుకుని దొర, కుర్చీలో దొరసాని, ఆవిడ మోకాలికి ఆనుకుని తెల్లగౌనులో ఒక పిల్ల. ఉంగరాల జుట్టు, దానికి రిబ్బను. దొర వెళ్ళిపోయేటప్పుడు తాతయ్యకు ఇచ్చిన బహుమతి అది. రోజూ పొద్దున్నే కాఫీ తాగాక తాతయ్య ఆ అద్దం మీద నోటితో ఆవిరి ఊది కండువా కొసతో తుడిచేవాడు. దేవుడి పటాలకు ఆ సేవ ఉండేది కాదు. అదే కండువాతో నశ్యం ముక్కు కూడా తుడుచుకునేవాడు.

వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. "మా దొరగారు, దొరసానిగారు, వాళ్ళమ్మాయి. ఎంత పద్ధతిగా నిలబడిందో చూడండి, మన పిల్లలూ ఉన్నారు ఎందుకూ!" మన పిల్లలంటే నేనే. ఇంకెవరున్నారని?

తాతయ్య చెవి తమ్మెలకు పెద్ద చిల్లులుండేవి. మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే చీపురుపుల్ల దూర్చి అవతలివైపు నుంచి వస్తుందో లేదో చూసేవాణ్ణి. అవెందుకున్నాయని ఒకసారి అడిగితే చెంప పగిలింది.

ఆ రోజు సోమవారం. తాతయ్య గన్నవరంలో ఏదో శుభకార్యానికి వెళ్ళాడు. అందుకే నాయనమ్మ ఆ రోజు ఎంచుకుంది. పక్కింటి అక్క తెల్లవారుతూనే వచ్చి కూర్చుంది. వాళ్ళు క్రిస్టియన్లు. మొక్కులూ గుండ్లూ వాళ్ళకు లేవు గాని, పూలజడ కుట్టాలంటే మా వీధిలో ఆమె తర్వాతే ఎవరైనా. అరటిపట్ట మీద మల్లెమొగ్గలు వరసలుగా పేర్చి, మధ్యలో కనకాంబరాలు, అంచున మరువం పెట్టి దారంతో కుట్టింది. తన చిన్నప్పటి ఆకుపచ్చ పట్టు పరికిణీ కట్టింది. ఒంటినిండా నగలు పెట్టారని చెప్పాలని నోరు ఊరుతోంది. పెట్టింది ఒక గిల్టు వడ్డాణం.

నాకు నచ్చింది. ఈ ఒక్కటీ పెంచడం లేదు, తగ్గించడమూ లేదు. జడ బరువుకు మెడ దానంతటదే నిటారుగా నిలిచింది. గిర్రున తిరిగితే పరికిణీ గొడుగులా విచ్చుకుంది. గవర్నర్‌పేట స్టూడియోలో ఫోటోలు తీసే ఆయన నా వెనక నిలువుటద్దం పెట్టి, జడ కూడా పడేలా కూర్చోబెట్టి, నల్లగుడ్డలో తలదూర్చి "చిన్నమ్మా, గడ్డం కాస్త పైకి" అన్నాడు. నేను ఎత్తాను. రాణీలు ఎలా ఎత్తుతారో అలా ఎత్తాను.

తిరిగొచ్చేసరికి తాతయ్య అరుగు మీద ఉన్నాడు. భోజనం వేళకే వచ్చేశాడట. పక్కన రోజూ పేపరు చదవడానికి వచ్చే ఇద్దరు స్నేహితులు. నాకేం తెలుసు? రిక్షా దిగి పరిగెత్తుకెళ్ళి, "తాతయ్యా, చూడు" అని ఆయన ముందు గిర్రున తిరిగాను.

స్నేహితుల్లో ఒకాయన నవ్వాడు. "ఎవరండీ ఈ అమ్మాయి? మాకు చెప్పకుండా మనవరాల్ని ఎప్పుడు కన్నారు?"

సరదాగానే అన్నాడు. తాతయ్య మొహం మాత్రం నల్లబడింది. "థూ" అన్నాడు. నోట్లో కిళ్ళీ ఉంది. అది పరికిణీ అంచు మీద, నా పాదం మీద పడింది. వెచ్చగా, జిగటగా. "ఆడంగి వెధవా! దొరలు చూస్తే ఏమనుకుంటారు!" అని జడ పట్టి లాగాడు. కుట్లు తెగిపోయాయి. మొగ్గలు, మరువం గుప్పెటతో పీకి మురిక్కాలవలో విసిరేశాడు. "రేపే మంగలిని పిలిపిస్తా. మొక్కూ లేదు, మన్నూ లేదు."

"రేపు మంగళవారమండీ," అన్నాడు రెండో ఆయన, పేపరులోంచి తలెత్తకుండా.

"అయితే ఎల్లుండి!"

దొరలు వెళ్ళిపోయి అప్పటికి పాతికేళ్ళు దాటింది. ఎక్కణ్ణుంచి చూస్తారో!

పెరట్లో పంపు కింద కూర్చుని కాలు తోముకున్నాను. పీచుతో తోమాను, ఇసకతో తోమాను. పోయినట్టే ఉండి మళ్ళీ అంటుకున్నట్టు ఉండేది. కాసేపటికి ఉమ్మి మీద అసహ్యం నా మీదికి పాకింది. కాటుక, బొట్టు, పొద్దున నాకు నచ్చినవన్నీ పీచుతో గీకాను. మొహం మండింది, కక్కుకున్నాను. దానికి తోడు భయం. గుండు ఇక్కడే చేసేస్తే స్వామికి కోపం వస్తుంది, నా ముందువాళ్ళలాగే నేనూ పోతాను. ఏడేళ్ళ బుర్రకు అది లెక్క తేలిపోయిన విషయం. నాయనమ్మ మొహం చూస్తే ఆవిడ లెక్కా అదేనని తెలిసింది.

ఆవిడ నా చేతిలో పీచు లాక్కుని పక్కన కూర్చుంది. నా మొహానికి కొబ్బరినూనె రాస్తూ చెప్పింది. పెళ్ళినాటికి తాతయ్యకు నా జడకంటే పొడుగు జుట్టు, వెనక్కి ముడి వేసుకునేవాడు. చెవులకు ఎర్రరాళ్ళ పోగులు. చల్లపల్లి వైపు నాటకాలకు బండి కట్టుకుని వెళ్ళేవాడు. ఒకసారి స్త్రీవేషం కట్టినాయనకు తన కొత్త ఉత్తరీయం కప్పి ఒట్టి ఒంటితో ఇంటికొచ్చాడు. ఆ నడక, ఆ చూపు అంటూ చాలారోజులు ఆవిడకు అదే కథ చెప్పాడు. తర్వాత ఉద్యోగం వచ్చింది. చేరిన రోజున దొర ఆయన ముడీ పోగులూ చూసి, ఆఫీసులోకి ఆడవాళ్ళను ఎవరు రానిచ్చారని హెడ్ గుమాస్తాను అడిగాడు. ఆఫీసంతా నవ్వింది. సాయంత్రం ఇంటికొచ్చి తాతయ్య తన ముడి తనే కోసుకుని కాలవలో పారేశాడు. పోగులు మళ్ళీ పెట్టలేదు, నాటకానికి మళ్ళీ వెళ్ళలేదు. స్త్రీవేషం మాటెత్తితే ఉమ్మడం అప్పుడే మొదలైంది.

"ఆ ఉమ్మి మీ తాతయ్యది కాదురా. దొరది. ఈయన నోట్లో వేసి పోయాడు," అంది నాయనమ్మ. "ఇన్నేళ్ళూ మింగలేకా, కక్కలేకా."

తర్వాత గొంతు తగ్గించి ఇంకోటి చెప్పింది. దొర వెళ్ళిపోయే ముందు దొరసాని గుమాస్తాల భార్యలను బంగళాకు టీకి పిలిచిందట. వీళ్ళంతా వరండాలో బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, ఆ తెల్లగౌను పిల్ల క్రోటను మొక్కల దగ్గరికెళ్ళి, గౌను పైకెత్తి, నిలబడే కానిచ్చేసింది. "పిల్ల కాదురా, పిల్లాడు! వాళ్ళ దేశంలో మగపిల్లలకు చిన్నప్పుడు గౌనులే తొడుగుతారట, జుట్టూ పెంచుతారట. దొర కూడా చిన్నప్పుడు తొడుక్కునే ఉంటాడు. ఇంటికొచ్చి మీ తాతయ్యకు చెబితే, నోరుమూసుకో, ఎవరితోనైనా అన్నావంటే ఊరుకోనన్నాడు. మర్నాటినుంచీ అందరికీ దొరగారి అమ్మాయే."

నేను నవ్వానని చెప్పుకోవాలి గాని, నవ్వలేదు. ఇంకా వికారంగానే ఉంది. అయితే అది నా మీదనుంచి దిగి వేరేవైపు వెళ్ళింది.

బుధవారం పొద్దున మంగలి వచ్చి పొది విప్పాడు. స్నేహితులిద్దరూ అరుగు మీద ఉన్నారు. నన్ను పీట మీద కూర్చోబెట్టారు. అప్పుడే పక్కింటి అక్క వీధి మలుపులోంచి రొప్పుతూ వచ్చింది, చేతిలో కాగితం చుట్టిన ఫ్రేము. స్టూడియో ఆయన వెంటపడి రెండు రోజుల్లో కట్టించింది మహాతల్లి. నాయనమ్మ అది అందుకుని ముందుగదిలోకి వెళ్ళి స్టూలు ఎక్కింది. దొర ఫోటో పక్కన మేకు కొట్టిన చప్పుడు అరుగు దాకా వినిపించింది.

తాతయ్య గుమ్మంలోకి వెళ్ళి చూశాడు. "ఏమే, ముందది తీసెయ్! మగపిల్లాడికి ఆ వేషమేమిటి, అది గోడకెక్కించడమేమిటి! నలుగురూ వచ్చే గది!"

"అలాగేనండి," అంది నాయనమ్మ స్టూలు మీదినుంచే, వీధికి వినబడేంత గొంతుతో. "ఆడపిల్ల బట్టల్లో మగపిల్లాడి ఫోటో ఈ గదిలో ఉండకూడదంటారు. అంతేగా? ముందు ఏది తీయమంటారు?"

"ఇంకోటి ఎక్కడుందమ్మా?" అన్నాడు పేపరాయన, ఈసారి తలెత్తి.

తాతయ్య దొర ఫోటో వంక, నాయనమ్మ వంక, స్నేహితుల వంక చూశాడు. చేత్తో చెవి తమ్మె పట్టుకున్నాడు. మంగలి కత్తెర చేత్తో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఉండనీ," అన్నాడు చివరికి. "రెండూ ఉండనీ." మంగలికి కాఫీ ఇప్పించి పంపేశాడు. నా జుట్టు అనుకున్న ప్రకారం మోపిదేవిలోనే పోయింది. స్వామి మాట నిలబెట్టుకున్నాడు, ఇదిగో, ఇంకా ఉన్నాను.

ఈ కథ చెప్పినప్పుడల్లా ఇక్కడ ఒక ముగింపు అతికిస్తూ వచ్చాను. తాతయ్య నన్ను ఒళ్ళోకి తీసుకుని ఏడ్చాడనీ, ఆ సాయంత్రం ఎర్రరాళ్ళ పోగులు మళ్ళీ పెట్టుకున్నాడనీ. వినేవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. అదంతా నా కల్పన. మర్నాడు పొద్దున కాఫీ తాగి, తాతయ్య దొర ఫోటో అద్దం మీద ఆవిరి ఊది తుడిచాడు. పక్కనే ఉన్న నా ఫోటో తుడవలేదు. పోయేదాకా ఏ రోజూ తుడవలేదు. నా అద్దం మీద దుమ్ము నాయనమ్మే దులిపేది.

మొన్న మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒక కుర్రాడు గోళ్ళకు రంగు వేసుకుని నిలబడ్డాడు. నా వయసు పెద్దమనిషి ఒకాయన వాణ్ణి చూసి మూతి తిప్పి, "థూ, ఇది మన సంస్కృతేనా" అన్నాడు. ఎన్నేళ్ళయినా ఆ చప్పుడు మారలేదు. నా పాదం మీద మళ్ళీ వెచ్చగా తగిలింది. ఈ నోట్లో ఎవరు వేసిపోయారో ఈయనకు తెలుసా అనుకున్నాను. కుర్రాడితో, "రంగు బావుంది నాన్నా, నీ వయసులో నాకు పూలజడ ఉండేది, మోకాళ్ళ దాకా" అన్నాను.

ఆ రెండు ఫోటోలూ ఇప్పుడు నా గదిలో పక్కపక్కనే ఉన్నాయి. రెండూ నేనే తుడుస్తాను, పొడిగుడ్డతో. దొర మొహం దాకా వచ్చేసరికి నా చెయ్యి విసురుగా పోతుంది, అది నా వల్ల కాదు. ఆ గౌను పిల్లాడి దగ్గర మాత్రం నెమ్మదిస్తుంది. వాడి ఉంగరాల జుట్టు కూడా ఎవరో ఒకనాడు పీట మీద కూర్చోబెట్టి కత్తిరించే ఉంటారు. వాడి పక్కన నిలబడి అడ్డుపడ్డానికి ఒక నాయనమ్మ ఉందో లేదో.