బాపు ఎత్తు

మొన్న కూరగాయలకని వెళ్లి వస్తుంటే గ్రౌండు గేటు దగ్గర ఆటో ఆగిపోయింది. లోపల వాలీబాల్ సెలక్షన్లట. పిల్లల వెనక తల్లిదండ్రులను కూడా వరుసగా నిలబెట్టి ఒకాయన ఎగాదిగా చూస్తున్నాడు. "పోరగాళ్లను తీస్కుంటున్రా, అవ్వయ్యలను తీస్కుంటున్రా?" అని ఆటోవాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తొందరగా పోనియ్యమన్నాను.

నాది గోదావరిఖని. అప్పటికింకా రాష్ట్రం రాలేదు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. రెండు గదుల క్వార్టర్లో నేనూ బాపూ. బాపు బొగ్గుబాయిలో దిగే మనిషి. కప్పు తక్కువున్న చోట ఏళ్ల తరబడి వంగి పనిచేయడంతో, పైకొచ్చినా నడుములో ఆ వంపు అలాగే ఉండిపోయింది. పొద్దుటి షిఫ్టు దిగి, నా ఆట ఉందంటే చాలు, గ్రౌండుకొచ్చేవాడు. వాలీబాల్ సంగతి ఆయనకేం తెలియదు, బంతి బయట పడ్డా చప్పట్లే. అవతలి జట్టుకు కూడా కొట్టేసేవాడు మహానుభావుడు! సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. కానీ ఆ చప్పట్లు వినపడకపోతే సర్వీసు చేయబుద్ధయ్యేది కాదు.

తొమ్మిదో తరగతిలో ఉండగా హైదరాబాదు స్పోర్ట్స్ హాస్టల్‌కు సెలక్షన్లు పెట్టారు. మా వైపు నుంచి ఒక్కరికే సీటు. చివరికి ఇద్దరం మిగిలాం. నాకు కప్పులూ మెడళ్లూ బోలెడు. రెండో పిల్ల జ్యోతినగర్ ఇంజనీరు గారి అమ్మాయి. ఒక్క పెద్ద ఆటా గెలవలేదు, బంతి ఇంకా ఆమె మాట వినడం లేదు. ఇద్దరం ఒకే ఎత్తు. ఎంపిక చేసే సారు, మంచివాడే పాపం, నా మెడళ్లు పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పాడు. "ఇవి అయిపోయిన ఆటలు బిడ్డా. నేను ముందు ఆడేటియి, నువ్వింక ఎంత పొడుగైతవో చూడాలె. మీ ఇంట్ల ఎవరు పొడుగున్నరు?"

నేను గర్వంగా బాపును చూపించాను. బాయిలో దిగకముందు నుంచే మా ఊళ్లో ఆయన్ను పొడుగు బావ అనే పిలిచేవాళ్లు మరి. నాకూ ఆయన పొడుగే. సారు బాపును ఇంజనీరు గారి పక్కన నిలబెట్టాడు. వంగిన బాపు తల ఇంజనీరు గారి భుజం దాకానే వచ్చింది.

"జర సీదా నిలవడు కాకా," అన్నాడు సారు.

బాపు నా వంక చూశాడు. "సీదాగనే నిలవడ్డ సారూ."

సీటు ఆ పిల్లకొచ్చింది. సారును తిట్టుకోను, ఆమె తర్వాత బాగానే ఆడింది. సీటు కోసం నేను ఏడ్చింది రెండ్రోజులే. అసలు దెబ్బ తర్వాత తగిలింది, బాపు గ్రౌండుకు రావడం మానేశాడు. ఎంత బతిమాలినా, "నన్ను జూస్తే నీకే నష్టం బిడ్డా, నువ్వు పో" అనేవాడు. జిల్లాకు ఆడాను, యూనివర్సిటీకి ఆడాను. ఆయన పోలికే వచ్చి, కాలేజీ జట్టులో అందరికంటే పొడుగయ్యాను. సర్వీసుకు బంతి పట్టుకున్న ప్రతిసారీ జనంలోకి చూసేదాన్ని. ఎవరెవరి నాన్నలో చప్పట్లు కొట్టేవాళ్లు. అంత గోలలోనూ దిక్కులేనిదానిలా అనిపించేది. గెలిచి ఇంటికొస్తే బాపు అన్నం పెట్టి, ఎట్లాడానో అడిగి, అంతా అర్థమైనట్టు తలూపేవాడు.

పొడుగవడానికి నాకు మూడు నాలుగేళ్లు పట్టింది. బాపు మళ్లీ గ్రౌండుకు రావడానికి ఆయన బతికినన్నేళ్లూ చాల్లేదు.