స్టోరుగారు చెరిపేసిన దీవి

పంపుసెట్ల ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరుగా చేరి, స్టోర్‌కీపరుగానే దిగిపోయిన మనిషి ఆయన. సొంత పేరు ఒకటి ఉండేది గాని, దాన్ని వాడినవాళ్లు తక్కువ. ఫ్యాక్టరీలో స్టోరుగారు, వీధిలో స్టోరుగారు. ఆసుపత్రిలో పేరు రాయించుకునేటప్పుడు సైతం పక్కనున్నవాళ్లెవరో "స్టోరుగారని రాయండి, తెలుస్తుంది" అనేవారు.

ఆయనకు గురి కుదిరిన సూత్రం ఒక్కటే: ముందొచ్చిన సరుకు ముందు పోవాలి. బేరింగులైనా, బోల్టులైనా, గ్రీజు డబ్బాలైనా పాతది ముందు వరసలోకి, కొత్తది వెనక్కి. ఆయన రిటైరయ్యాడు గాని సూత్రం రిటైరవలేదు. ఆయనతోపాటే ఇంటికొచ్చి వంటింటి అలమరలో స్థిరపడింది. బిస్కెట్ల పొట్లం కొత్తది వస్తే వెనక వరసలోకి పోవలసిందే; ముందున్నవి అయ్యాకే దానికి మోక్షం. అది ముందుకొచ్చేసరికి అదీ మెత్తబడిపోయేది. అందుచేత కరకరలాడే బిస్కెట్టు ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చుట్టాలింట్లో పెడితే, పాపం వీళ్ల బిస్కెట్లు గట్టిపడిపోయాయే అని జాలిపడేవారు.

ఆయన భార్య టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసింది. ఊళ్లకు ఊళ్లను కలిపిన మనిషి. యంత్రాలొచ్చి ఆ పని పోయింది గాని, ఆ గొంతు పోలేదు. కోపమొస్తే ఆవిడ అరవదు. ఆ గొంతు పెట్టి "ప్రస్తుతం లైన్లు ఖాళీ లేవు" అంటుంది. ఇక ఆ రోజుకు ఆవిడతో మాట్లాడాలంటే కూతురి ద్వారా ట్రంకాల్ బుక్ చేసుకోవలసిందే.

కూతురు కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. టీవీ కింద ఉన్న గేముల పెట్టె ఆ పిల్ల కొన్నదే. కొన్నది ఒకరైనా అలవాటుపడ్డది ముగ్గురూ. కూతురివి యుద్ధాలు. ఒక్కొక్కటీ ఏనుగంత చోటు పట్టేవి. స్టోరుగారిది లారీ గేము. సరుకు ఎక్కించుకోవాలి, ఊరు దాటించాలి, దించి సంతకం తీసుకోవాలి. రిటైర్మెంటు లేని ఉద్యోగం దొరికిందని ఆయన లోలోపల సంబరపడ్డాడు.

ఆవిడది దీవి. ఆ దీవి మీద ఒక దీపస్తంభం, నాలుగు కూరగాయ మడులు, ఆవిడే నాటి పెంచిన నిమ్మచెట్లు. సముద్రంలో పడవలు వచ్చి కూత వేస్తాయి. ఏ పడవకు ఏ రేవు ఖాళీ ఉందో చూసి ఆవిడ దారి చూపించాలి. ఎక్స్‌ఛేంజి మూతపడ్డాక మళ్లీ ఇన్నాళ్లకు ఎవరో తనను "హలో" అని పిలిచినట్టుండేది ఆవిడకు. రోజూ అన్నాలయ్యాక కళ్లజోడు పెట్టుకుని డ్యూటీ ఎక్కేది.

ఒకరోజు కూతురు కొత్త యుద్ధం ఒకటి కొనుక్కుంది. పెట్టె ఒప్పుకోలేదు. చోటు చాలదు, ఏదైనా తీసెయ్యమంది.

"నాన్నా, నాకు టైమైపోతోంది. ఆడనివేవో చూసి తీసేసి పెట్టవా?" అని చెప్పులేసుకుంటూనే అరిచి వెళ్లిపోయింది.

"ఆడనివి" అన్న మాట ఆయన చెవిదాకా రాలేదు. తీసేసి పెట్టమనడం మాత్రం శుభ్రంగా వినబడింది. రిటైరయ్యాక ఆయనకు ఇలాంటి ఆర్డరు ఎవరూ ఇవ్వలేదు. పెట్టెలో ఉన్నవన్నీ తేదీలవారీగా చూశాడు. అన్నిటికంటే ముందొచ్చింది దీవి. తీసేశాడు. చోటు ఏర్పడింది. కొత్త యుద్ధం దిగడం మొదలైంది. గోడౌను ఖాళీ అయినప్పుడు వచ్చే నిద్ర వచ్చింది ఆయనకు.

అన్నాలయ్యాక ఆవిడ వచ్చి కూర్చుంది.

"ఏవండీ, నా దీవి కనపడదేం?"

"ఇష్యూ చేసేశాను."

"ఎవరికి?"

ఆ ప్రశ్న ఆయనకు అంతవరకూ తట్టలేదు. స్టోరులోంచి పోయిన సరుకు ఎవరో ఒకరికి చేరుతుంది. ఇది ఎవరికి చేరినట్టు?

"పాత సరుకు కదా అని..." అన్నాడు.

"ఈ ఇంట్లో అన్నిటికంటే పాత సరుకును నేను. నన్ను కూడా ఇష్యూ చేసెయ్యండి, సరిపోతుంది," అని లేచి, వంటింటి గుమ్మం దగ్గర ఆగి, ఆ గొంతు పెట్టింది. "ప్రస్తుతం లైన్లు ఖాళీ లేవు."

సాయంత్రం కూతురు వచ్చి నెత్తి కొట్టుకుంది. "గేము మళ్లీ దించుకోవచ్చు నాన్నా. అమ్మ ఇన్నాళ్లూ ఆడిందంతా పెట్టెలో విడిగా ఉండాలి."

"ఉందా, ఉండాలా?"

"ఉండాలి."

ఉండాలి అన్న సరుకు వెళ్లి చూస్తే ఉండదని ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. గేము వస్తుంది సరే, నిమ్మచెట్లు వస్తాయా?

"నా లారీ తీసేస్తాను. అక్కడ దించు."

"లారీ తీసినా చాలదు నాన్నా. నా యుద్ధం తీసేస్తాలే..."

వంటింట్లోంచి మాట వచ్చింది. "ఒకరిని లేపి నాకు సీటివ్వక్కర్లేదని చెప్పు మీ నాన్నకి."

"అయితే బయట డిస్కు తగిలించాల్సిందే," అంది కూతురు.

ఈ సంగతి కింది వాటాలో ఉండే బావమరిది చెవిన పడింది. అతనికి వీధిలో "అన్నీతెలుసు" అని పేరు. మెట్లెక్కి వచ్చాడు. "దీనికి డిస్కెందుకు బావా? నా దగ్గర పెన్‌డ్రైవుంది. ఒక్క పెన్‌డ్రైవులో ఊరంతా పడుతుంది," అని జేబులోంచి తీసి గుచ్చాడు. అది మరీ చిన్నది, పనికిరాదంది పెట్టె. "మీ పెట్టెకి పొగరెక్కువ బావా," అని దాన్ని మళ్లీ జేబులో వేసుకుని, టీ తాగి వెళ్లాడు.

మర్నాడు స్టోరుగారు కంప్యూటర్ల షాపుకు వెళ్లాడు. షాపతను రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి పుస్తకమంత, ఒకటి బిస్కెట్టంత. ధర ఇంచుమించు ఒకటే.

"ఇది హార్డ్ డిస్కు సార్. లోపల పళ్లెం తిరుగుతుంది. చోటు బోలెడు, కాకపోతే నెమ్మది. ఇది ఎస్సెస్‌డీ. తిరిగేదేం లేదు. అడగ్గానే ఇచ్చేస్తుంది, చోటే తక్కువ. ఇంతకీ మీవి పాత తరం గేములా, కొత్తవా?"

"తేడా ఏమిటి?"

"కొత్తవి మీ పెట్టె లోపలినుంచే ఆడాలి. బయట దాచుకోవడం వరకే. పాతవైతే ఇందులోంచే ఆడుకోవచ్చు."

"అంటే కొత్తవాటికి ఇది గోడౌను, పాతవాటికి కౌంటరు."

"అంతే సార్."

"మా ఆవిడ దీవి పాతదే," అన్నాడాయన. ఆ మాట మళ్లీ నోటంట వచ్చినందుకు నాలిక కరుచుకున్నాడు.

ఆయన చెయ్యి తనంతట తనే పెద్దదాని మీద పడింది. ఉద్యోగమంతా ఇంకో అర కోసం, ఇంకో మూల కోసం మేనేజర్లను దేబిరించిన చెయ్యి అది. చోటు దొరికితే వదలడం దానికి రాదు.

"దీంట్లో గేము తెరుచుకోడానికి ఎంతసేపు?"

"కాస్త ఆగాలి సార్. ఈలోగా టీ తాగొచ్చు."

ఆయన చెయ్యి అక్కడే ఆగింది. పెళ్లైన కొత్తలో ఆయన ఆవిడ డ్యూటీ అయ్యేదాకా ఎక్స్‌ఛేంజి కిటికీ బయట నిలబడేవాడు. బోర్డు మీద దీపం వెలిగితే ఆవిడ నోట్లో ముద్ద మింగకుండానే లేచేది. అంత తొందరేమిటని ఒకసారి అడిగితే, "కాచుకున్న మనిషికి క్షణం కూడా గంటేనండీ" అంది. ఇప్పుడు పడవలు కూతలేస్తుంటే పళ్లెం తిరుగుతూ ఉంటుంది. ఆవిడ కూర్చుని చూస్తూ ఉంటుంది.

పెద్దదాన్ని పక్కకు జరిపి బిస్కెట్టంతదాన్ని తీసుకున్నాడు.

"చోటు సరిపోతుందా సార్?"

"దీవీ, లారీ పడితే చాలు," అన్నాడు స్టోరుగారు. ఇంత చోటు చాలు అనడం ఆయన సర్వీసులో అదే మొదలు.

ఇంటికొచ్చి, సాయంత్రం కూతురు రాగానే తగిలించాడు. పెట్టె మరో మాట అడిగింది. డిస్కును సిద్ధం చేయాలి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, సరేనా?

ఆయన బొటనవేలు మీట మీద బిగుసుకుపోయింది.

"నొక్కు నాన్నా."

"అన్నీ చెరిగిపోతాయంటోందే."

"కొత్త డిస్కు నాన్నా. అందులో ఏముందని?"

"ఏమీ లేదని నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు. నొక్కు."

"ఇంకోసారి చదువు."

కూతురు చదివింది. ఆయన నొక్కలేదు. మళ్లీ చదివించుకున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"జరగండి."

లైన్లు ఖాళీ లేవన్నాక ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆయన జరిగాడు. ఆవిడ నొక్కింది.

"ఖాళీ డబ్బాలో పోయేదేముందండీ? ఈ భయమేదో దీవి ఉన్నప్పుడే ఉంటే బావుండేది," అని మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది. కోపం పోలేదు గాని లైను కలిసింది.

వాళ్ల ఇంటర్నెట్టు నత్తకు మేనమామ. దీవి దిగడానికి మర్నాడు రాత్రి అన్నాలవేళ అయింది. అంతసేపూ ఆయన తన లారీ గేము ముట్టలేదు. ముగ్గురూ టీవీ ముందు చేరారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మీట నొక్కింది. దీవి రెప్పపాటులో తెరుచుకుంది. కొత్తగా మొదలుపెట్టాలా అని అడగలేదు. కొనసాగిస్తారా అని అడిగింది.

"ఉంది!" అంది కూతురు.

ఉండాలి అన్నది ఉంది. దీపస్తంభం ఉంది, నిమ్మచెట్లున్నాయి. మడుల్లో మాత్రం మోకాలెత్తు కలుపు. సముద్రం నిండా పడవలు వరసకట్టి ఒకటే కూతలు.

"వస్తున్నా, వస్తున్నా. ఒక్కొక్కళ్లూ," అంది ఆవిడ పడవలతో.

స్టోరుగారికి ఊపిరి తిరిగింది. ఇక తన అవసరం లేదని లేవబోయాడు.

"ఏవండీ," అంది ఆవిడ, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "నాలుగు బిస్కెట్లు పట్రండి. వెనక వరసలోవి."

ఆయన అలమర ముందు చాలాసేపు నిలబడ్డాడు. ముందు వరసలో విప్పిన పొట్లం సగం అలాగే ఉంది. దాన్ని పక్కకు జరిపి, వెనకనున్నది తీసి, చించి, పళ్లెంలో పెట్టి తెచ్చాడు.

ఆవిడ ఒకటి కొరికింది. ఆ కరకర చప్పుడుకు కూతురు ఉలిక్కిపడి, ఏదో విరిగిందనుకుని డిస్కు వైపు చూసింది.